దిగుమతి పాల సరకులకు సుంకపు పద్దు ఎట్లు నిర్ణయింతురు?

పాల కేంద్రములో వెన్న శాతము కొంచెము తగ్గినచో రైతు చేతికి వచ్చు పైకము తగ్గును. ఈ సంగతి పాడి రైతులందరికిని అనుభవములో నున్నదే. ఓడరేవులో దిగిన విదేశపు పాల సరకు విషయములో గూడ ఇదే విధముగా ఒక శాతము తేడా చాల పని చేయును. పాల కేంద్రములో ఆ తేడా ఒక రైతు పైకమును మార్చును. రేవులో వచ్చిన తేడా దేశములోని పాల ధరనే కదల్చగలదు. అందుచేత దిగుమతి పాల సరకులను ఏ పద్దులో చేర్చుదురో, ఎందుకు చేర్చుదురో పాడి రైతులును, గ్రామాధికారులును కొంతవరకైనను తెలిసికొనుట అవసరము.

సుంకపు పట్టిక అనగానేమి?

గ్రామములో ప్రతి భూమికి సర్వే నంబరును, దానిలో సబ్‌డివిజనును ఉన్నవి. భూమిని ఊరిలో ఏ పేరుతో పిలిచినను లెక్కకు వచ్చునది నంబరే. దేశములోనికి వచ్చు ప్రతి సరకునకును ఇట్టి నంబరే కలదు. బ్రస్సెల్సు నగరములోని ప్రపంచ సుంకముల సంస్థ తయారుచేసిన ఈ నంబర్ల పట్టిక 1988 జనవరి 1వ తేదీ నుండి అమలులో నున్నది. ఇందులో మొదటి రెండు అంకెలు అధ్యాయమును, నాలుగు అంకెలు పద్దును తెలుపును. ఆరు అంకెల వరకు ఈ పట్టికను అనుసరించు దేశములన్నిటికిని ఒక్కటే. మన దేశము మరి రెండు అంకెలు చేర్చి ఎనిమిది అంకెలు వాడుచున్నది. ఈ పట్టిక 1975వ సంవత్సరపు సుంకపు పట్టిక చట్టములోని మొదటి షెడ్యూలులో కలదు. నంబరు ఏదో తేలినచో సుంకము ఎంతో తేలినట్లే.

సరకు తెచ్చిన వర్తకుడు తానే పద్దు నంబరు వ్రాసి, సుంకము లెక్కగట్టి పత్రము దాఖలు చేయును. 2011 నుండి ఈ పద్ధతి నడచుచున్నది. అధికారులు దానిని పరిశీలింతురు. అనుమానము కలిగినచో నమూనా తీసి ప్రయోగశాలకు పంపుదురు. ఇక్కడ మొదటి సూత్రము ఒకటి గుర్తుంచుకొనవలెను. డబ్బాపై నున్న అందమైన పేరు పద్దును నిర్ణయించదు. లోపల ఏమున్నది, ఎంత ఉన్నది అనునవే పట్టికలోని మాటలతో సరిచూచి నిర్ణయింతురు.

ఒకే పాలు, అనేక పద్దులు

పాల సరకులకు ముఖ్యమైనది 4వ అధ్యాయము. ఒక కడివెడు పాలను దృష్టిలో నుంచుకొని వరుసగా చూడుడు.

1. ఇగిర్చక, చక్కెర కలుపక ఉన్న పాలు, మీగడ 0401 పద్దు క్రిందకు వచ్చును. వెన్న తీసిన పాలును ఇందులోనివే.

2. ఆ పాలను ఇగిర్చినను, పొడి చేసినను, చక్కెర కలిపినను 0402 అగును. పాలపొడి ఇందులోనిదే.

3. పాలను తోడు వేసినచో 0403 అగును. పెరుగు, మజ్జిగ, అట్టి పులిసిన పాల సరకులన్నియు ఇందు చేరును.

4. విరిగిన పాలనుండి దిగిన తేట 0404. వెన్న, నెయ్యి, నీరు తీసిన వెన్ననూనె 0405. చీజు 0406.

ఇంతవరకు చిక్కు లేదు. రుచి, వాసన, రంగు కలిపినప్పుడే చిక్కు ఆరంభమగును. పెరుగులో మామిడి గుజ్జు కలిపినను అది 0403లోనే నిలుచును. ఏలనగా పరిమళము, పండ్లు, గింజపప్పులు, కోకో కలిపినను సరే అని ఆ పద్దులోనే వ్రాసియున్నారు. 0401, 0402 పద్దులలో అట్టి మాట లేదు. అక్కడ ఇగిర్చుటను గురించియు, చక్కెరను గురించియు మాత్రమే చెప్పిరి. కావున పాలలో ఏలకుల వాసనయో, కోకోయో చేర్చి సీసాలో త్రాగుటకు సిద్ధము చేసినచో, అది 22వ అధ్యాయములో పానీయముల పద్దు 2202 క్రిందకు పోవునని ప్రపంచ సుంకముల సంస్థ వారి వివరణలు తెలుపుచున్నవి. పెరుగు మామిడితో కలిసినను పెరుగే. పాలు ఏలకులతో కలిసి పానీయమైనవి.

పాలు, పాలపొడి మొదలగువాటితో చేసిన ఇతర ఆహారములలో కోకో 5 శాతము కంటె తక్కువగా నున్నచో 1901 పద్దు. 5 శాతము గాని, అంతకు మించి గాని ఉన్నచో 1806 పద్దు. కోకోలోని కొవ్వును తీసివేసి ఈ లెక్క కట్టుదురు. ఐస్‌క్రీములో కోకో ఉన్నను, లేకున్నను 2105 పద్దే. ఎందులోను ఇమడని ఆహారములకు 2106 అను పద్దు కలదు. ఇది ఊరి చివరి బంజరు వంటిది. ఎవరి హద్దులోను చేరనిది అక్కడ చేరును.

మరియొక ముఖ్య విషయము. పాలలోని సహజమైన వెన్నను తీసి, దాని స్థానములో వేరు కొవ్వును చేర్చిన సరకును 4వ అధ్యాయము ఒప్పుకొనదు. అది 1901కి గాని, 2106కి గాని పోవలెను. పెరుగు విషయములో గూడ, చేర్చిన వస్తువు పాలలోని అంశమునకు బదులుగా ఉండరాదనియు, పెరుగు ముఖ్యగుణము చెడరాదనియు 2022 పట్టికలో స్పష్టముగా వ్రాసిరి.

ఒక్క శాతముతో జరిగిన పని

పద్దులో గీచిన గీతకు కొంచెము ఇవతల నిలిచి సరకు ఎట్లు దాటిపోవునో రెండు దేశముల అనుభవము తెలుపును.

అమెరికా దేశము తన పాడి రైతులను కాపాడుటకు 1957లో, 45 శాతము గాని అంతకు మించి గాని వెన్న గల సరకుల దిగుమతిని కట్టడి చేసెను. వర్తకులు 44 శాతము వెన్న ఉంచి, తక్కినది చాలవరకు చక్కెర కలిపిన మిశ్రమమును తయారుచేసిరి. దాని పేరు జునెక్సు. ఐస్‌క్రీము తయారుచేయువారికి వెన్నయు కావలెను, చక్కెరయు కావలెను. కనుక మిశ్రమము వారికి సరిగా సరిపోయెను. చట్టములోని మాట ప్రకారము అది నిషేధములోనికి రాలేదు. చివరకు 1967లో అధ్యక్షుడు జాన్సను గీతను 45 నుండి 5.5 శాతమునకు దించి, అట్టి మిశ్రమములకు గూడ పరిమితి విధింపవలసి వచ్చెను.

ముప్పది సంవత్సరముల తరువాత కెనడాలో ఇదే కథ మరల జరిగెను. అక్కడ పరిమితికి మించి వచ్చు వెన్ననూనెపై సుమారు 300 శాతము సుంకము కలదు. అయితే ఇతర ఆహారముల పద్దు 2106లో, పాల పదార్థము సగముకంటె తక్కువగా నున్న మిశ్రమములపై సుంకము అతి స్వల్పము. వెంటనే 49 పాళ్లు వెన్ననూనె, 51 పాళ్లు చక్కెర గల మిశ్రమము దిగుమతి కాజొచ్చెను. 1901 పద్దు 0401 మొదలు 0404 వరకు గల సరకులతో చేసినవాటికే వర్తించును. వెన్న 0405లోనిది. కావున ఈ మిశ్రమము 2106లో చేరెను. ఇది వేషము మార్చిన వెన్నయేయని అక్కడి పాడి రైతులు వ్యాజ్యము వేసిరి. కాని 1999లో వాణిజ్య ట్రిబ్యునలు, పట్టికలోని మాట ప్రకారము పద్దు సరిగానే ఉన్నదని తీర్పు చెప్పెను. రైతుల బాధ నిజమే. అయినను అధికారి చదువవలసినది పట్టికలోని మాటనే. మాటలోని లోపమును సవరింపవలసినది శాసనము చేయువారు.

మన దేశములో పరిస్థితి

2000వ సంవత్సరము వరకు పాలపొడిపై సుంకము వేయబోమని మన దేశము ప్రపంచ వాణిజ్య ఒప్పందములో కట్టుబడియుండెను. ఆ సంవత్సరము సంప్రదింపులు జరిపి 60 శాతము వరకు సుంకము వేయు హక్కు పొందెను. దానికి బదులుగా ఏటా 10,000 టన్నుల వరకు 15 శాతము సుంకముతో అనుమతించుటకు ఒప్పుకొనెను. ఇతర పాల సరకులు పెక్కింటిపై 30, 40 శాతముల సుంకము కలదు. ఈ గోడ ఎత్తు ఎంత అనునది ఒక ప్రశ్న. గోడలో తలుపులు ఎక్కడ ఉన్నవి అనునది రెండవ ప్రశ్న. పద్దుల నిర్ణయమే ఆ తలుపుల సంగతి.

పద్దుల గొడవ దేశము లోపల గూడ ఉన్నది. దిగుమతి సుంకము వేరు, జీఎస్టీ వేరు. కాని రెండిటికిని వాడు పద్దు నంబర్లు ఒక్కటే. సువాసన గల సీసా పాలను పానీయమనినచో 12 శాతము, చక్కెర కలిపిన పాలనినచో 5 శాతము జీఎస్టీ పడుచుండెను. పానీయమే అని పన్నుల శాఖ వాదించెను. పాలే అని 2023లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పెను. 2025 సెప్టెంబరు 22 నుండి పాలు గల పానీయముల పన్నును గూడ 5 శాతమునకు తగ్గించిరి. విద్వాంసులకే ఇంత సందేహము కలిగినప్పుడు, పాల సంఘములు తమ సరకులకు పద్దు వేసికొనునప్పుడు తెలిసినవారిని విచారించుట మంచిది.

చేయదగిన పనులు

మొదటిది: బజారులో విదేశపు పాల సరకు కనిపించినచో పేరు చూచి ఊరుకొనక, చీటీపై నున్న పదార్థముల జాబితా చదువవలెను. ఎక్కువ బరువు గలది ముందును, తక్కువది తరువాతను వ్రాయవలెనని నియమము కలదు. పాలకంటె ముందుగా చక్కెరయో, నూనెయో ఉన్నచో అది ఎట్టి సరకో తెలియును.

రెండవది: దిగుమతి లెక్కలను కేంద్ర వాణిజ్య శాఖ పద్దుల వారీగా ప్రకటించుచున్నది. పాల సంఘముల కార్యదర్శులు 4వ అధ్యాయము మాత్రమే చూచి తృప్తి పడరాదు. 1901, 2106 పద్దులను గూడ చూడవలెను. పాలపొడి దిగుమతి తగ్గి, ఆ పద్దులలో దిగుమతి హఠాత్తుగా పెరిగినచో దాని కారణము విచారింపవలెను.

మూడవది: అర్జీ పెట్టునప్పుడు "విదేశపు పాలు వచ్చుచున్నవి" అని మాత్రమే వ్రాసిన ప్రయోజనము తక్కువ. పద్దు నంబరు, సంవత్సరము, పరిమాణము, సరకులోని పాళ్లు వ్రాసినచో అధికారులకు పని సులభమగును. సర్వే నంబరు లేని భూమి అర్జీ ఎట్టిదో, పద్దు నంబరు లేని ఈ అర్జీయు అట్టిదే. ఇట్టి అర్జీలు వ్రాయుటలో గ్రామాధికారులు రైతులకు తోడ్పడవచ్చును.

నేర్చినది సరిచూచుకొనుటకు

ఈ నాలుగు డబ్బాలకు పద్దు చెప్పుడు. (1) చక్కెర మాత్రము కలిపిన పాలపొడి. (2) పండ్ల ముక్కలు గల పెరుగు. (3) 6 శాతము కోకో గల పాలపొడి ఆహారము. (4) వెన్న తీసి కొబ్బరినూనె చేర్చిన పాలపొడి.

జవాబులు: మొదటిది 0402. రెండవది 0403. మూడవది 1806. నాలుగవది 4వ అధ్యాయములో చేరదు. అది 1901లోనో, 2106లోనో చేరును. నాలుగవ డబ్బాను చూచి పాలపొడియే అనుకొన్నవారు పాఠమును మరియొకసారి చదువుదురు గాక. రేవులో జరుగు పొరపాటు గూడ సరిగా అక్కడనే జరుగును.