మ్యాపింగ్ జోలికి వెళ్లే ముందు

చిట్టీ,

నీ మెయిల్ చూశాను. అన్నయ్య వాడడం మానేసిన ప్లేస్టేషన్ 4 కంట్రోలర్‌ని నీ ల్యాప్‌టాప్‌కి తగిలించి, డీఎస్ ఫోర్ విండోస్ వేసుకుని, బటన్లన్నీ అటూ ఇటూ మార్చి చూస్తున్నావట. మెనూలో కిందికి ఒకసారి నొక్కితే రెండు వరసలు దాటేస్తోంది. ఆటలో మనిషి తనంతట తానే ఎడమకి నడిచిపోతున్నాడు. మ్యాపింగ్‌లో తప్పెక్కడుందో చెప్పమన్నావు. తల్లీ, నువ్వు చెప్పిన రెండు లక్షణాల్లో ఏ ఒక్కటీ మ్యాపింగ్ వల్ల వచ్చినట్టు నాకు తోచలేదు. బోరు నీళ్లు పోయకపోతే మీ తాతయ్య ముందు స్టార్టరు పెట్టె మీద ఫేజుల లైట్లు చూసేవారు. అవి చూడకుండా మోటారు పైకి లాగించిన రోజు లేదు. నీ సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి లైట్లున్నాయి. తెరవగానే వచ్చే మొదటి పేజీయే అది. నువ్వు దాన్ని దాటేసి నేరుగా ప్రొఫైల్ ఎడిటర్‌లోకి దూకావు.

ముందు లోపల జరిగేది తెలుసుకో. విండోస్‌లో ఎక్కువ ఆటలకు అర్థమయ్యేది ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతి. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు మైక్రోసాఫ్ట్ తెచ్చింది. నీ చేతిలో ఉన్న డ్యుయల్‌షాక్ 4 సోనీవాళ్లది, 2013లో వచ్చింది, దానికి ఆ పద్ధతి తెలియదు. అందుకని డీఎస్ ఫోర్ విండోస్ నీ కంట్రోలర్ చెప్పేది ఒకవైపు చదువుకుంటూ, రెండోవైపు విజెమ్‌బస్ అనే డ్రైవర్ సాయంతో లేని ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌ని ఉన్నట్టుగా విండోస్‌కి చూపిస్తుంది. ఆట మాట్లాడేది ఆ ఉత్తుత్తి కంట్రోలర్‌తోనే. అంటే నీ వేలి నొక్కు ఆటకి చేరేలోపు మూడు మజిలీలున్నాయి: చేతి నుంచి సాఫ్ట్‌వేర్‌కి, సాఫ్ట్‌వేర్ లోపల, అక్కడి నుంచి ఆటకి. మ్యాపింగ్ అనేది నడిమి మజిలీలో ఒక పని, అంతే.

కంట్రోలర్స్ అనే ఆ మొదటి పేజీలో నీ కంట్రోలర్‌కి ఒక వరస కనిపించాలి. అసలు వరసే లేకపోతే కింద స్టార్ట్ బటన్ నొక్కి ఉందో లేదో చూడు. అదీ సరిగానే ఉంటే కేబుల్‌ని అనుమానించు. ఫోన్ ఛార్జర్లతో వచ్చే చవక మైక్రో యూఎస్‌బీ కేబుళ్లలో కొన్నింటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. అలాంటి దానితో కలిపితే లైట్‌బార్ నారింజ రంగులో మెల్లగా వెలిగి ఆరుతుంటుంది, ఛార్జింగూ ఎక్కుతుంది, ల్యాప్‌టాప్‌కి మాత్రం కంట్రోలర్ వచ్చిన సంగతే తెలియదు. చాలామంది ఇక్కడే డ్రైవర్లు తీసేసి మళ్లీ వేస్తూ కూర్చుంటారు.

ఆ వరసలో బ్యాటరీ శాతం గురించి పెద్దగా పట్టించుకోకు. అది ఒక్కొక్క శాతం చొప్పున దిగదు, మెట్లుమెట్లుగా దిగుతుంది. నువ్వు పట్టి చూడాల్సింది ఎంచుకున్న ప్రొఫైల్ పేరున్న గడి. నువ్వు రాత్రంతా మార్చిన ప్రొఫైల్ పేరు ఒకటి, ఆ గడిలో ఉన్న పేరు ఇంకొకటి అయితే నీ మార్పుల్లో ఒక్కటీ ఆటకి చేరదు. పైగా ఆటో ప్రొఫైల్స్ అని ఒక పేజీ ఉంది. ఫలానా ఆట తెరిస్తే ఫలానా ప్రొఫైల్ పెట్టమని అక్కడ అన్నయ్య ఎప్పుడో రాసి ఉంటే, ఆట మొదలవగానే నీకు చెప్పకుండా పేరు మారిపోతుంది. అందుకే ఆటలోకి వెళ్లాక ఒకసారి బయటికి వచ్చి ఆ గడిని మళ్లీ చూడాలి.

ఇక నీ రెండు వరసల దూకుడు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషులో కొట్టు. గేమ్ కంట్రోలర్ల జాబితా వస్తుంది. అందులో ఎక్స్‌బాక్స్ 360 పేరుతో ఒకటి, వైర్‌లెస్ కంట్రోలర్ అని ఇంకొకటి ఉన్నాయా? ఉంటే ఆట ఇద్దర్నీ చూస్తోందన్నమాట. ఒకే నొక్కు అసలు కంట్రోలర్ నుంచి ఒకసారి, ఉత్తుత్తి దాని నుంచి ఇంకోసారి వెళ్తోంది. మ్యాపింగ్ ఎన్ని రకాలుగా మార్చినా ఈ జబ్బు పోదు. అసలుదాన్ని ఆటల కంట పడకుండా దాచడానికి హిడ్‌హైడ్ అనే చిన్న సాధనం ఉంది. అందులో నీ కంట్రోలర్‌ని దాచి, చూడడానికి అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో డీఎస్ ఫోర్ విండోస్‌ని చేర్చు. చేర్చడం మరిచిపోతే అది సాఫ్ట్‌వేర్‌కి కూడా కనిపించకుండా పోయి, మొదటి పేజీ ఖాళీ అవుతుంది. అప్పుడు కంగారు పడకు. స్టీమ్‌లో ఆడే ఆటైతే అక్కడి సెట్టింగ్స్‌లో ప్లేస్టేషన్ కంట్రోలర్ సపోర్ట్ కూడా చూడు. అదీ ఇలాగే తర్జుమా చేసి పెడుతుంది. ఇద్దరిలో ఒకరినే ఉంచు. నన్నడిగితే, ఆటలన్నీ స్టీమ్‌లోనే ఉన్నవాళ్లకి డీఎస్ ఫోర్ విండోస్ అవసరమే లేదు. నీవి సగం బయటివి కాబట్టి ఉండనీ.

మనిషి ఎడమకి నడవడం వేరే కథ. ప్రొఫైల్ ఎడిటర్‌లో కంట్రోలర్ రీడింగ్స్ అనే భాగం తెరిచి, కంట్రోలర్‌ని బల్ల మీద పెట్టి చేతులు తీసెయ్. డ్యుయల్‌షాక్ 4 స్టిక్ అడ్డానికి ఒకటి, నిలువుకి ఒకటి చొప్పున 0 నుంచి 255 వరకు అంకె పంపుతుంది. మధ్యలో ఉంటే 128. ఎడమ స్టిక్ అడ్డం అంకె 128 కి ఒకటి రెండు అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. నీది 115 దగ్గర ఆగిందనుకో, ఎవరూ ముట్టుకోకుండానే ఎడమకి 13 మేర నెట్టినట్టు లెక్క. డెడ్‌జోన్, అంటే లెక్కలోకి తీసుకోని నడిమి భాగం, అంతకంటే కాస్త ఎక్కువ పెడితే ఆ నెట్టుడు ఆటకి కనిపించదు. ఇప్పుడు స్టిక్‌ని కుడికి పూర్తిగా తోసి వదులు, ఎడమకి తోసి వదులు, అంకె ఏ దగ్గరికి వచ్చి ఆగుతోందో ప్రతిసారీ చూడు. ఒకే చోట ఆగితే డెడ్‌జోన్‌తో సర్దుకోవచ్చు. వదిలిన ప్రతిసారీ వేరే చోట ఆగినా, ముట్టుకోకుండానే అంకె ఎగిరెగిరి పడుతున్నా లోపల స్టిక్ కదలికని కొలిచే పొటెన్షియోమీటర్ పూత అరిగిపోయిందని అర్థం. అలాంటి స్టిక్‌కి డెడ్‌జోన్ పెంచుకుంటూ పోతే, చివరికి స్టిక్ సగం తోస్తే గానీ మనిషి కదలడు. గురి చూసి కొట్టే ఆటలు ఇక ఆడలేవు.

అదే చోట ఇన్‌పుట్ డిలే అని మిల్లీసెకన్లలో ఒక అంకె ఉంటుంది. కంట్రోలర్ నుంచి సాఫ్ట్‌వేర్ దాకా ఉన్న సంగతే అది చెబుతుంది. తెర ఆలస్యం, ఆట ఆలస్యం అందులో లేవు. కాబట్టి ఆ అంకె చిన్నగా ఉందని మురిసిపోకు. నిలకడగా ఉందా, ఉండుండి ఎగురుతోందా అన్నదే చూడు. సెకనుకి 60 ఫ్రేములు వేసే ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అంకె మాటిమాటికీ ఇరవై దాటుతుంటే చేతికి తేడా తెలుస్తుంది. కేబుల్ లేకుండా ఆడుతుంటే, బ్లూటూత్ డాంగిల్‌ని యూఎస్‌బీ 3 పోర్టులో, పక్కనే హార్డ్‌డిస్క్‌తో కలిపి పెట్టావేమో చూడు. ఆ పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి, బ్లూటూత్ నడిచేది కూడా అక్కడే. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని దూరంగా పెడితే చాలాసార్లు సరిపోతుంది.

ఇంకొక్కటి. బటన్‌కి కీబోర్డు అక్షరం పెట్టినప్పుడు, రీడింగ్స్‌లో బటన్ నొక్కినట్టు కనబడుతూనే ఉన్నా ఆట పలక్కపోవచ్చు. ఆటని అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతుంటే విండోస్ మామూలు ప్రోగ్రాముల కీ నొక్కుల్ని దాని దాకా పోనివ్వదు. డీఎస్ ఫోర్ విండోస్‌ని కూడా అడ్మినిస్ట్రేటర్‌గానే తెరవాలి. ఉత్తుత్తి ఎక్స్‌బాక్స్ బటన్లకి ఈ అడ్డు లేదు.

ముందు హిడ్‌హైడ్ పని చూడు, దాంతో మెనూ బాధ తీరుతుంది. తర్వాత స్టిక్ అంకెలు కాగితం మీద రాసి నాకు పంపు, ఒక పదిసార్లు వదిలి చూసినవి. అంకె ప్రతిసారీ మారుతోందంటే స్టిక్ మాడ్యూలే మార్చాలి. దానికి 14 టంకాలు ఊడదీయాలి, నువ్వొక్కదానివే పెట్టుకోకు. దసరాకి వచ్చేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ నేను తెస్తాను.

మామయ్య