సెరామ కోడి: చిన్నతనమునకు హద్దు

ఒకనాడు ప్రకృతిశాస్త్రపు తరగతిలో మే మొక పటమును విద్యార్థులకు చూపితిమి. అందొక మనుష్యుని అరచేతిలో నొక కోడిపుంజు నిలిచియుండెను. దాని రొమ్ము ముందునకు పొంగియు, తల వెనుకకు వంగియు, తోక నిటారుగా లేచియు, రెక్కలు క్రిందికి నిలువుగా వ్రేలాడుచు నుండెను. “అయ్యా, ఇది పిల్లయా, బొమ్మయా?” అని ముందు బల్లమీది బాలుడొక డడిగెను. పిల్లయు గాదు, బొమ్మయు గాదు, పూర్తిగా నెదిగిన పుంజే యని చెప్పితిమి. అంతట వెనుక బల్లనుండి మరియొకడు, “అట్లయిన నింతకంటె చిన్నదానిని చేయవచ్చునా?” అని ప్రశ్నించెను. ఇంతలో గంట కొట్టిరి. ఆ రెండవ ప్రశ్నకు మేము బాకీపడి యున్నాము. ఆ బాకీ నీ వ్యాసమున తీర్చుకొనుచున్నాము.

పుట్టినచోటు

మన పెరటికోళ్లకును, ప్రపంచమునందలి తక్కిన పెంపుడుకోళ్లకును ముఖ్యమైన మూలము ఆగ్నేయాసియా యడవులలో తిరుగు ఎఱ్ఱ అడవికోడి. మనుష్యుడు వేలకొలది సంవత్సరములు తన యవసరమును బట్టి ఎన్నిక చేయుచు, కొన్నిటిని పెద్దవిగను, కొన్నిటిని చిన్నవిగను మలచినాడు. పొట్టికోళ్లకు “బాంటము” లను పేరు కలదు. జావాద్వీపపు పడమటి భాగమున నొక రేవునకు బాంటమని పేరు. ఐరోపా నావికు లచ్చట చిన్నకోళ్లను కొని తమ దేశములకు గొనిపోయినందున, ఆ రేవు పేరే కోళ్లకు నిలిచినది.

ఈ బాంటములన్నిటిలో మిక్కిలి చిన్నది సెరామ. దీని జన్మస్థానము మలేషియా దేశమందలి కెలంతాన్ రాష్ట్రము. అది మలయా ద్వీపకల్పమునకు ఈశాన్యమున, థాయి దేశపు సరిహద్దు ననుకొని యున్నది. అచ్చటి పెంపకందారైన వీ యియన్ ఈన్ అను నాయన జపాను పొట్టికోళ్లను, మలయా పొట్టికోళ్లను కలిపి, వాని సంతతిలోనుండి తరతరమునకు నెన్నిక చేయుచు నేటి సెరామను రూపొందించెనని ప్రసిద్ధి. పేరు పెట్టినవాడును ఆయనయే.

ఆ పేరు మనకు క్రొత్తది గాదు. సెరామ యనగా శ్రీరామ. థాయి రాజులు “రామ” యను బిరుదము ధరింతురు; దానిని బట్టియే యీ పేరు పెట్టబడెనని చెప్పుదురు. కెలంతాన్ ప్రజలకు తోలుబొమ్మలాట కలదు. అందు వారాడు ముఖ్యకథయు రాముని కథయే. మన పల్లెలలో తెరమీద రాముడు విల్లెత్తి నిలిచినపుడు రొమ్ము విరుచు విధమును చూచినవారికి, ఈ కోడి నిలుచు ఠీవిని చూచినపుడు ఆ పేరు తగినదే యని తోచును.

1990లో ఈ కోడి మొదటిసారి ప్రదర్శనమునకు వచ్చినది. 2000 ప్రాంతమున అమెరికాలోని లూసియానా రాష్ట్రమునకు కొన్ని పక్షులు చేరినవి. 2004 ఆగస్టులో కెలంతాన్ రాష్ట్రమున కోళ్లకు పక్షుల ఇన్‌ఫ్లుయెంజా సోకినది. వ్యాధి ప్రబలకుండుటకై ప్రభుత్వమువారు ఆ చుట్టుప్రక్కల గ్రామములలోని పక్షులను చంపించిరి. పుట్టినచోటనే సెరామలకు గొప్ప నష్టము కలిగినది. 2011లో అమెరికా కోళ్ల సంఘములు తెల్లరంగు సెరామను ప్రమాణజాతిగా నంగీకరించినవి.

రూపమును, పరీక్షయు

ఎదిగిన సెరామ సాధారణముగ 500 గ్రాములకు లోపుగానే తూగును. కొన్ని 250 గ్రాములకును తక్కువ. ఎత్తు 15 మొదలు 25 సెంటీమీటర్ల వరకు నుండును. మన సంక్రాంతి పందెపు పుంజు నొక తక్కెడలో నుంచినచో, రెండవ తక్కెడలో సెరామ పుంజుల నొక అరడజనుకు పైగా నెక్కింపవలసి యుండును.

పందెపు పుంజునకు పోరాటము పరీక్ష. సెరామకు నిలుకడయే పరీక్ష. పోటీలలో నొక్కొక్క పక్షిని బల్లమీద విడుతురు. అది బెదరక, ఎగిరిపోక, తనంతట తాను రొమ్ము విరిచి, తోక నెత్తి, అడుగు లెత్తి వేయుచు నడువవలెను. పరీక్షకులు దాని యాకారమును, నడకను, స్వభావమును చూతురు. మన పెద్దలు పుంజులను డేగ, కాకి, నెమలి యని రంగునుబట్టి పిలిచిరి గాని, మలేషియా పెంపకందారులు సెరామ రంగును పాటింపరు. అందుచే నొకే పొదుగులో నలుపు, తెలుపు, గోధుమ, చుక్కల పిల్లలు కలగలుపుగా పుట్టును.

పెంపకపు విధము

ఇది యుష్ణదేశపు పక్షి. వేడి కోర్చును గాని చలికిని, ఈదురుగాలికిని తాళదు. మనుష్యునికి త్వరగా మచ్చికయగును. పుంజు కూతయు సన్నముగా నుండును. ఒక జంటకు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల గూడు రాత్రి పడకకు చాలును. ఐనను పగలు కొంతసేపు ఎండలో విడుచుట మేలు. అపుడు గ్రద్ద, పిల్లి, ముంగిస వీనికి చిక్కకుండ కనిపెట్టి యుండవలెను. గూటి యడుగున రంపపుపొట్టుగాని, పొడి ఊకగాని పరచి, తడిసినపు డెల్ల మార్చవలెను.

మేత సన్నని నలుసుగా నుండవలెను. నూకలు, చోళ్లు, ఆకుకూర తరుగు మంచివే గాని, అవి మాత్రమే పెట్టినచో మాంసకృత్తులు చాలవు. కావున కోళ్లకై తయారుచేసిన మేతయే ముఖ్యాహారముగ నుండవలెను. పెట్టలకు నత్తగుల్లల పొడి సున్నము నిచ్చి గ్రుడ్డు పెంకును గట్టిపరచును. ఈకల సందున పేలు పట్టకుండ, దొరలుటకు పొడి యిసుక, బూడిద కలిపిన పళ్లె ముంచవలెను. కొక్కెర తెగులునకు టీకా వేయించుట మరువరాదు. క్రొత్తగా తెచ్చిన పక్షిని కొన్నివారములు వేరుగా నుంచిన పిమ్మటనే పాతవానితో కలుపవలెను. 2004 నాటి నష్టమును తలచుకొన్నవారి కీ జాగ్రత్త యతిగా తోచదు.

పిల్లలు 16 మొదలు 18 వారములకు యుక్తవయస్సునకు వచ్చును. పెట్ట పెట్టు గ్రుడ్డు మన సాధారణపు కోడిగ్రుడ్డు బరువులో సగమున కైనను రాదు. తక్కిన కోళ్ల గ్రుడ్లు 21 దినములకు పొదుగగా, సెరామ గ్రుడ్లు తరచుగా 19, 20 దినములకే పొదుగును. పొదుగుయంత్రమున నుంచినచో 37.5 డిగ్రీల వేడిమి యుండవలెను. పుట్టిన పిల్ల బొటనవ్రేలంత యుండును. దానికి మొదటివారము 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. పిదప వారమునకు మూడేసి డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. నీళ్ల పళ్లెములో గులకరాళ్లు వేయుట మరువకుడు. అంగుళము లోతు నీటిలోనే యీ పిల్ల మునిగి చచ్చును.

గ్రుడ్డులోని లెక్క

ఇపుడు వెనుక బల్లమీది బాలుని ప్రశ్నకు వత్తము. చిన్నదానిని కోరువాడు మిక్కిలి చిన్నపుంజును, మిక్కిలి చిన్నపెట్టను జతపరచిన చాలునని తలచును. అట్లు చేసి మూడు చిక్కులలో పడును.

మొదటిది: పరిమాణ మొక్క వంశబీజముచే గాక, పెక్కింటి కలయికచే నేర్పడును. కావున చిన్నవాని కడుపున పెద్దవియు, పెద్దవాని కడుపున చిన్నవియు పుట్టుచునే యుండును. రెండవది: మిక్కిలి చిన్నపెట్ట గ్రుడ్డు పెట్టుటకే ప్రయాసపడును, గ్రుడ్డు మధ్యలో చిక్కుకొన్నచో ప్రాణమునకే మోసము. అందుచే నెఱిగినవారు కొంచెము పెద్దపెట్టకు చిన్నపుంజును జతపరతురు. మూడవది కంటి కగపడనిది. దానినే మేము ముఖ్యముగ చెప్పగోరుచున్నాము.

సెరామకు పూర్వికమైన జపాను పొట్టికోడికి కాళ్లు మిక్కిలి కుఱుచ. ఆ కుఱుచదనమున కొక వంశబీజము కారణము. సెరామలలోను కొన్ని వంశములందు పొట్టికాళ్ల పక్షులలో నిది కలదు. ప్రతిపిల్లకును ప్రతిలక్షణమునకు తండ్రినుండి యొక బీజము, తల్లినుండి యొక బీజము వచ్చునని బఠానీమొక్కల పరిశోధనచే 1866లో మెండెల్ తెలియజేసెను. కుఱుచకాలి బీజ మొక్కటి వచ్చినచో పక్షికి కాళ్లు కుఱుచయగును గాని బ్రదుకును. రెండును వచ్చినచో పిండము గ్రుడ్డులోనే, తరచుగా పొదుగ మొదలుపెట్టిన మూడు నాలుగు దినములలోనే చచ్చును. ఇట్టి కోళ్లను గూర్చి లాండవర్, డన్ అను శాస్త్రజ్ఞులు తమ పరిశోధనమును 1930లో ప్రకటించిరి.

దీని ఫలమును లెక్కింపుడు. కుఱుచకాళ్ల పుంజును కుఱుచకాళ్ల పెట్టతో జతపరచినచో సగటున నాలుగు పిండములలో నొకటి చచ్చును, రెండు కుఱుచకాళ్లవి, ఒకటి పొడుగుకాళ్లది. కుఱుచకాళ్ల పక్షిని పొడుగుకాళ్ల పక్షితో జతపరచినచో సగము కుఱుచవి, సగము పొడుగువి. ఈ కారణమున నొక్కటియు చావదు. రెండు జతలలోను నాలుగింట రెండు కుఱుచకాళ్ల పిల్లలే వచ్చుచున్నవి. మొదటి జతవలన లాభ మేమియు లేదు. ఒక ప్రాణము మాత్రము వ్యర్థమైనది.

కోళ్లు లేకయే యీ లెక్కను తరగతిలో సరిచూడవచ్చును. చింతగింజలను చీల్చి, అష్టాచెమ్మ యాడు పిల్లలవలె రెండు బద్దలను చేత పట్టుడు. తెల్లవైపు కుఱుచకాలి బీజము, నల్లవైపు పొడుగుకాలి బీజము ననుకొనుడు. రెండు బద్దలను నూఱుసార్లు వేసి వ్రాసికొనుడు. రెండును తెల్లగా పడినది చచ్చిన పిండము. ఒకటి తెలుపు, ఒకటి నలుపైన కుఱుచకాళ్ల పిల్ల. రెండును నల్లనైన పొడుగుకాళ్ల పిల్ల. సుమా రిరువదియైదు సార్లు రెండును తెల్లగా పడుట చూతురు. మే మొక తరగతిచే దీనిని చేయింపగా, మొదట నవ్వుచు వేసిన పిల్లలు, తెల్లజతల క్రింద గీటులు పెరుగుకొలది నవ్వు మానిరి.

పెంపకందారునికి వేరొక సాక్ష్యము కలదు. ఏడవనాటి రాత్రి గ్రుడ్డును దీపమున కెదురుగా పట్టి చూచినచో, బ్రదికిన పిండమునుండి సన్నని నెత్తురుతీగెలు సాలెగూటివలె వ్యాపించి కనబడును. ముందే చచ్చినదానిలో నొక యెఱ్ఱని వలయము మాత్ర ముండును. వేడిమి తప్పినను ఇట్టి వలయ మేర్పడవచ్చును గనుక ఒక్క గ్రుడ్డును చూచి నిర్ణయింపరాదు. ఏ జత గ్రుడ్లు ఎన్ని, పొదిగిన వెన్ని, చచ్చిన వెన్ని యని పుస్తకమున వ్రాసి యుంచినవానికే నిజము తెలియును.

పొడుగుకాళ్ల పిల్ల విలువ

ఇంకొక మాట. పొదుగులో పొడుగుకాళ్ల పిల్ల వచ్చినచో క్రొత్తవారు దానిని తప్పుగా నెంచి, చులకనగా నమ్మివేయుదురు. కాళ్లు కుఱుచయైనది మరింత చిన్నదిగా కనబడును గనుక దానినే ముద్దుచేయుదురు. కాని పై లెక్కనుబట్టి చూడగా, వంశమునకు నష్టము రాకుండ నిలుపునది ఆ పొడుగుకాళ్ల పిల్లయే. బల్లమీద రొమ్ము విరిచి నడచుటకు పక్షికి నేలను విడిచి నిలుచునంత కాలు వలయును గదా. అందము కొఱకును, ప్రాణము కొఱకును దాని యవసరము కలదు.

కావున, “ఇంతకంటె చిన్నదానిని చేయవచ్చునా?” యను ప్రశ్నకు మా సమాధాన మిది: కొంతవరకు చేయవచ్చును; కాని ప్రతి అంగుళమునకు నెవరో వెల చెల్లింతురు. ఆ వెలను చెల్లించునది బల్లమీద బహుమానము నందుకొను పుంజు గాదు, పెంకులోపల నాలుగవనాడు చచ్చినది. పెంచువాడు దానిని చూడడు గనుక నది లేనట్లే తలచును. చూడనిదానిని లెక్కలోనికి తెచ్చుటకే శాస్త్రము.

కోడిని పెంచినను, కుందేలును పెంచినను, పావురమును పెంచినను, ఒక ప్రాణిని మన యిష్టమునకు మలచ నారంభించినపుడు దాని లెక్కపుస్తకము మన చేతికి వచ్చినట్లే. విద్యార్థులు దానిని నిజాయితీగా వ్రాయుదురు గాక. వెనుక బల్లమీది బాలుడు సెలవుల పిదప తన చింతగింజల లెక్కను మాకు చూపునని యెదురుచూచుచున్నాము.