డ్రోన్ రెక్క: మనవడికి ఒక పాఠం

మల్టీరోటర్ డ్రోన్ గాలిలో నిలబడాలంటే తన బరువుకు సరిపడా బలంతో గాలిని కిందికి నెట్టాలి. కొద్ది గాలిని వేగంగా నెట్టినా, ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టినా అదే బలం వస్తుంది. ఖర్చు మాత్రం ఒకటి కాదు. బలం గాలి వేగాన్ని బట్టి పెరిగితే, గాలిలోకి పోయే శక్తి ఆ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఓడల ప్రొపెల్లర్ల కోసం 19వ శతాబ్దంలో రాంకిన్, ఫ్రూడ్ కట్టిన సిద్ధాంతం డ్రోన్‌కూ అలాగే వర్తిస్తుంది.

నాలుగు ప్రొపెల్లర్లున్న 2 కిలోల డ్రోన్‌లో ఒక్కోదాని మీద అర కిలో భారం పడుతుంది. 10 అంగుళాల ప్రొపెల్లర్‌తో, సముద్రమట్టపు గాలిలో, నష్టాలేమీ లేవనుకున్నా ఒక్కోదానికి సుమారు 31 వాట్లు కావాలి. 15 అంగుళాలదైతే 21 వాట్లు చాలు. భారం మారనంతకాలం ఈ కనీస శక్తి వ్యాసానికి విలోమంగా తగ్గుతుంది. నిజమైన రెక్క ఆ కనీసాన్ని ఎన్నడూ అందుకోదు. కనీస శక్తిని అసలు ఖర్చుతో భాగిస్తే వచ్చే అంకెను ఫిగర్ ఆఫ్ మెరిట్ అంటారు. చిన్న ప్రొపెల్లర్లలో అది 0.6 చుట్టుపక్కల ఉంటుంది. పోయిన 0.4లో ఎంత వెనక్కి రాబట్టవచ్చన్నదే డిజైన్ పని.

వ్యాసాన్ని ఇష్టమొచ్చినంత పెంచడం కుదరదు. ఫ్రేమ్ చేతులు పొడవై బరువెక్కుతాయి. రెక్కల జడత్వమూ పెరుగుతుంది. మోటార్ల వేగాన్ని క్షణక్షణం మార్చుకుంటూ నిలదొక్కుకునే యంత్రానికి ఇది పెద్ద ఇబ్బంది. పెద్ద ప్రొపెల్లర్‌కు తక్కువ కేవీ (వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) ఉన్న మోటార్ జోడించాలి, లేకపోతే మోటార్, దాని వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ రెండూ వేడెక్కుతాయి. మూడు రెక్కలవి చోటు చాలనప్పుడే మేలు. చోటుంటే రెండు రెక్కలవే పొదుపు.

ఇక రెక్క మెలిక. 10×4.5 అని ముద్రించిన ప్రొపెల్లర్‌కు వ్యాసం 10 అంగుళాలు, పిచ్ 4.5 అంగుళాలు. అంటే మెత్తటి పదార్థంలో స్క్రూలా దిగితే ఒక్క చుట్టుకు నాలుగున్నర అంగుళాలు ముందుకు పోతుంది. రెక్క మొదట్లో వేగం తక్కువ, కొసన ఎక్కువ. పొడవునా గాలి ఒకే వేగంతో కిందికి దిగాలంటే మొదట్లో కోణం ఎక్కువగా ఉండి, కొసకు పోయేకొద్దీ తగ్గాలి. ఈ ప్రొపెల్లర్‌కే లెక్క కడితే వ్యాసార్ధంలో 30 శాతం దగ్గర సుమారు 25 డిగ్రీలు, 75 శాతం దగ్గర 11, కొసన 8 వస్తాయి. ప్రొపెల్లర్ అంటే తిరిగే విమాన రెక్కేనని గుర్తించి, 1903 నాటి విమానానికి రైట్ సోదరులు ఇలాంటి లెక్కతోనే చెక్కను మెలికగా చెక్కి, సుమారు 75 శాతం సామర్థ్యం సాధించారు. కంప్యూటర్ లేని రోజుల్లో జరిగిన ఆ పని ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

నాయనా, చాలామంది తొందరపడేది ఇక్కడే. మెలిక కుదిరింది కదా అని విమానపు రెక్క అడ్డుకోతను తెచ్చి అతికిస్తారు. 10 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే 75 శాతం దగ్గర వేగం సెకనుకు 60 మీటర్లు. అక్కడ రెక్క వెడల్పు 2 సెంటీమీటర్లయితే రేనాల్డ్స్ సంఖ్య (గాలి జడత్వానికీ జిగటకూ ఉన్న నిష్పత్తి) సుమారు 80,000. ప్రయాణికుల విమానానికి అది కోట్లలో ఉంటుంది. ఇంత తక్కువ సంఖ్య దగ్గర గాలి మందమైన రెక్కను అంటిపెట్టుకోక, మధ్యలోనే విడిపోతుంది. పలుచగా, కొద్దిపాటి వంపుతో ఉన్న రెక్కే ఇక్కడ పనికొస్తుంది. పలుచని రెక్క భారం మీద వంగకుండా, మెలిక మారకుండా ఉండాలి. కార్బన్ ఫైబర్ అవసరం ఇక్కడ పుడుతుంది. అది దానంతటది గాలిని బాగా నెట్టదు, లెక్కగట్టి ఇచ్చిన ఆకారాన్ని చెడకుండా నిలబెడుతుంది.

పోగులన్నీ ఒకే దిశలో పరిచిన కార్బన్-ఎపాక్సీ, ఆ దిశలో దాదాపు 130 గిగాపాస్కల్‌ల బిగువు చూపుతుంది. అల్యూమినియానికి అది 70. సాంద్రతలో మాత్రం, ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో, అల్యూమినియం 2.7, కార్బన్-ఎపాక్సీ సుమారు 1.6. పోగులకు అడ్డంగా ఆ బిగువు పదో వంతు కూడా ఉండదు. అందుకే పొరల దిశ ముఖ్యం. వంగకుండా, అపకేంద్ర బలానికి తట్టుకునేందుకు నిలువు పోగులు, మెలిక మారకుండా ప్లస్ మైనస్ 45 డిగ్రీల పొరలు వేస్తారు. 8 గ్రాముల రెక్క గరిమనాభి ఇరుసుకు 7 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 6000 చుట్ల దగ్గర అది మొదలును 22 కిలోల బరువంత బలంతో లాగుతుంది. కార్బన్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని పొట్టి పోగులు కలిపిన నైలాన్ మాత్రమే, వాటిలో ఈ బిగువు ఉండదు.

తయారీలో రెండు సగాల అల్యూమినియం అచ్చులో రెసిన్ పట్టించిన పొరలు పేర్చి, బిగించి, వేడిమీద గట్టిపరుస్తారు. వెనుక అంచు ఎంత పలుచగా వస్తే అంత మంచిది. అంచులను తడిపి రుద్దాలి, మాస్కు తప్పనిసరి, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. గట్టిపడిన అంచు కత్తిలా కోస్తుంది. దెబ్బ తగిలితే నైలాన్‌లా వంగదు, పగిలి ముక్కలు ఎగురుతాయి. చిన్న పగులు కనిపించినా ఆ ప్రొపెల్లర్‌ను మళ్లీ ఎగరనివ్వరాదు.

బ్యాలెన్స్ చేయకుండా బిగించడమూ అంతే ప్రమాదం. 10 అంగుళాల ప్రొపెల్లర్ కొసన 0.1 గ్రాము తేడా ఉంటే 6000 చుట్ల దగ్గర అర కిలో బలం, అంటే ఆ ప్రొపెల్లర్ మోయాల్సినంత భారం, సెకనుకు వందసార్లు మోటార్‌ను కుదుపుతుంది. బరువున్న వైపు రుద్దడం కంటే తేలిక వైపు పలుచగా రెసిన్ పూయడం మేలు, పోగులు తెగవు.

చివరి పరీక్ష, బలాన్ని కొలిచే థ్రస్ట్ స్టాండ్ మీద. గరిష్ఠ బలం చూసి మురిసిపోవడం పొరపాటు. డ్రోన్ ఎక్కువసేపు గడిపే భారం దగ్గర, ఇక్కడైతే 500 గ్రాముల దగ్గర, వాటుకు ఎన్ని గ్రాములు లేస్తున్నాయో చూడాలి. ఫిగర్ ఆఫ్ మెరిట్ 0.65, మోటార్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే 15 అంగుళాలది వాటుకు 12, 13 గ్రాములు ఎత్తాలి. 10 అంగుళాలది 8 దాటితే చాలు. కొలిచిన రోజు ఉష్ణోగ్రత, గాలి పీడనం కూడా రాసుకోవాలి. 42 డిగ్రీల ఎండలో హైదరాబాద్ ఎత్తున గాలి సాంద్రత ఘనమీటరుకు సుమారు 1.05 కిలోలకు దిగుతుంది. ప్రామాణిక సముద్రమట్టపు విలువ 1.225. అదే బరువు ఎత్తడానికి అక్కడ దాదాపు 8 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది.