పాలకు కరెంటు కాపలా కాదు



డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉన్న కామారెడ్డిలో ఈ ప్రశ్న రావడం సహజమే: "కరెంటుతో పాలలోని క్రిములను చంపవచ్చట. మరి క్యాన్లు కడగమని ఎందుకు పట్టుబడతారు?" సంగతి తెలుసుకుందాం.

పాలలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. నీటి అణువుకు ఒక కొసన ధన విద్యుత్తు, మరో కొసన రుణ విద్యుత్తు ఉంటాయి. అందుచేత విద్యుత్ క్షేత్రంలో అది దిక్సూచి ముల్లు వలె ఒకే దిక్కుకు తిరగజూస్తుంది. కాని వేడిమి అణువులను నిలవనీయదు. సెంటీమీటరుకు 30 వేల వోల్టుల క్షేత్రంలోనూ అవి సగటున కొద్దిగానే ఒరుగుతాయి.

మైక్రోవేవ్ పొయ్యిలో క్షేత్రం సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది. దానితో పాటు తిరగబోయి అణువులు ఒరుసుకొనగా పాలు వేడెక్కుతాయి.

రెండవ పద్ధతిలో, సెకనులో పది లక్షల వంతుల లెక్కన బలమైన విద్యుత్ దెబ్బలు కొడతారు. అవి క్రిమి పైపొరకు చిల్లులు పొడుస్తాయి. అయినా కొన్ని క్రిముల గట్టి బీజాలు చావవు. ఇవి యంత్రాగారపు పనులు. ఇంటి కరెంటుతో ఎవరూ ప్రయత్నించరాదు.

ముఖ్య విషయం: క్రిములు చచ్చినా, అవి అప్పటికే తయారుచేసిన పులుపు పోదు. ఎల్లారెడ్డి వైపు పల్లెలో పిండిన పాలు దారిలోనే పులిస్తే ఏ యంత్రమూ వాటిని బాగుచేయలేదు. ఆ పూట డబ్బు పోయినట్టే.

కనుక పొదుగు కడగండి. క్యాను వేడినీటితో కడిగి బోర్లించండి. పాలు పిండిన వెంటనే సంఘానికి చేర్చండి. అక్కడ 4 డిగ్రీలకు చల్లబరచడమే మన పాలకు అసలు కాపలా.