ఆస్ట్రేలియా ఎండకు సన్‌స్క్రీన్: చేయవలసినవి – చేయకూడనివి

ఆస్ట్రేలియాలో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి 70 ఏళ్లలోపు ఏదో ఒక రకం చర్మ క్యాన్సర్ బయటపడుతుందని అంచనా. క్వీన్స్‌లాండ్‌లోని నాంబోర్ పట్టణంలో 1992 నుంచి 1996 వరకు ఒక పరీక్ష జరిపారు. కొందరిని రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు, మిగతావారిని వారి ఇష్టానికి వదిలేశారు. రోజూ రాసుకున్నవారిలో స్క్వామస్ రకం క్యాన్సర్ గడ్డలు సుమారు 40 శాతం తగ్గాయి. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ గనుక మనకు ముప్పు తక్కువే, కానీ లేకపోలేదు. వచ్చినప్పుడు ఆలస్యంగా గుర్తించడమే అసలు చేటు. అక్కడ ఉంటున్న తెలుగువారికీ, పిల్లల దగ్గరికి వెళ్లబోతున్న పెద్దలకూ ఈ సూచనలు.

చేయవలసినవి

• పొద్దున్నే ఆ రోజు యూవీ (అతినీలలోహిత కిరణాల) సూచీ చూడండి. వాతావరణ సమాచారంలోనే ఉంటుంది.

• చామనఛాయ, అంతకన్నా తెలుపు రంగు వారు సూచీ 3కు చేరే ప్రతిరోజూ రాసుకోండి. బ్రిస్బేన్‌లో దాదాపు ఏడాది పొడవునా అలాగే ఉంటుంది.

• ముదురు రంగు వారు గంటల తరబడి బయట ఉండే రోజున తప్పక రాసుకోండి.

• ట్యూబును టూత్‌బ్రష్ పక్కనే పెట్టండి. బీరువాలో ఉన్నది గుర్తుకు రాదు.

• ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించినది, ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అని రాసి ఉన్నది కొనండి.

• ముఖం, మెడ, చెవులకు కలిపి ఒక టీస్పూను, ఒక్కో చేతికి ఒకటి, ఒక్కో కాలికి ఒకటి చొప్పున రాయండి.

• గడప దాటడానికి 20 నిమిషాల ముందే రాసుకోండి.

• రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. ఈత కొట్టినా, చెమట తుడుచుకున్నా వెంటనే రాయండి.

• మెడ వెనుక, జాకెట్టు కప్పని వీపు, పాదాల పైభాగం గుర్తుంచుకోండి. పాపిటకూ బట్టతలకూ టోపీ పెట్టండి.

• నీడ, నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, చలువ కళ్లద్దాలు ముందు చూసుకోండి. అవి కప్పలేని చోటికే సన్‌స్క్రీన్.

• డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతుంటే, అవయవ మార్పిడి జరిగి ఉంటే డాక్టరుకు చెప్పండి. వారికి ఎండ ముప్పు ఎక్కువ.

• నెలకోసారి అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద చూసుకోండి. ముదురు చర్మం వారికి మెలనోమా ఎక్కువగా వచ్చేది అక్కడే, దాన్ని సన్‌స్క్రీన్ ఆపదు.

చేయకూడనివి

• మబ్బు పట్టిందని, చలిగా ఉందని మానకండి. చర్మాన్ని దెబ్బతీసే కిరణాలకు వేడి ఉండదు.

• క్రికెట్ మ్యాచ్‌కు ఉదయం ఒకసారి పూసి సాయంత్రం దాకా వదిలేయకండి. క్యాప్ చెవులను కాపాడదు.

• పలచగా రాయకండి. ట్యూబు మీది అంకెకు తగ్గ రక్షణ దొరకదు.

• ఎస్‌పీఎఫ్ 50 ఉందని ఎండలో ఎక్కువసేపు ఉండకండి. 30 ఆపేది 97 శాతం, 50 ఆపేది 98 శాతం. తేడా అంతే.

• కొబ్బరినూనె, పసుపు రాసుకుని ఎండలోకి వెళ్లకండి.

• తెల్లబడతామని సన్‌స్క్రీన్ వాడకండి. మనవాళ్లలో ఈ ఆశ మహా గట్టిది, కానీ ఇది ఫెయిర్‌నెస్ క్రీము కాదు.

• ట్యూబును కారులో వదలకండి. 30 డిగ్రీలు దాటిన వేడికి చెడిపోతుంది.

• గడువు దాటినది వాడకండి.

• ఆరు నెలలలోపు పసిపాపలకు పూయకండి. నీడలో ఉంచి, ఒంటినిండా బట్ట కప్పండి.

• విటమిన్ డి కోసమని మధ్యాహ్నం ఎండలో నిలబడకండి. ముదురు రంగు వారికి లోపం తరచుగా ఉంటుంది, రక్తపరీక్ష చేయించుకోండి.

• మానని పుండును, పెరుగుతున్న లేదా రంగు మారుతున్న మచ్చను ‘ఇండియా వెళ్లినప్పుడు చూపిద్దాం’ అని వాయిదా వేయకండి. ఈ వారమే జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) అపాయింట్‌మెంట్ తీసుకోండి.