కోరుకొండ సైనిక్ స్కూల్: రాజుగారి ప్యాలెస్‌లో సైనిక చదువు

నాటి రక్షణ మంత్రి వి.కె. కృష్ణ మీనన్ చొరవతో 1961లో సైనిక్ స్కూళ్లు మొదలయ్యాయి. సైనికాధికారుల్లో కొన్ని ప్రాంతాలు, వర్గాల వారే ఎక్కువగా ఉండే పరిస్థితిని మార్చడం, సామాన్యుల పిల్లలను ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)కు సిద్ధం చేయడం లక్ష్యం.

తెలుగునాట తొలి స్కూల్ విజయనగరం దగ్గరి కోరుకొండలో 1962 జనవరి 18న ప్రారంభమైంది. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు ఏకంగా ప్యాలెస్‌నే ఇచ్చేశారు. ఎంత గొప్ప దానం! రాజులు మసలిన చోట తెల్లవారగానే పీటీ, సాయంత్రం ఆటలు, రాత్రి ప్రెప్ (పాఠాలు చదువుకునే సమయం). అధికారి బిడ్డకైనా, రైతుబిడ్డకైనా ఒకటే యూనిఫాం, ఒకటే మెస్.

ఆ తర్వాత రాయలసీమలోని కలికిరిలో మరో సైనిక్ స్కూల్ 2014లో వచ్చింది. ఈ స్కూళ్లలో ప్రవేశాలు 6, 9 తరగతుల్లో.

వీటిని నడిపేది రక్షణ శాఖ పరిధిలోని సైనిక్ స్కూల్స్ సొసైటీ. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే విద్యాశాఖ అని గుర్తించి మార్కు పోగొట్టుకోకండి.