కొండ దిగి వచ్చెడి స్వామి

తీర్థయాత్ర గృహస్థునకు దంపతీసమేతముగ ఆచరింపదగిన ధర్మమని పెద్దలందురు. కాని సంసారభారము తగ్గి తీరిక చిక్కునప్పటికి మోకాళ్ళు సహకరింపవు. కొండలపై వెలసిన క్షేత్రములను తలచినప్పుడు వృద్ధదంపతులకు కలుగు దిగులు ఇదియే. తెనాలి ప్రాంతపు జంట నొకదానిని ఉదాహరణగ గ్రహింపవచ్చును.

వివాహమైన క్రొత్తలో అహోబిలమున నవనారసింహులను జంటగ సేవింతుమని వారు మ్రొక్కుకొనిరి. ఉద్యోగము, పిల్లల చదువులు, పెండ్లిండ్లు - ఇట్లు 40 ఏండ్లు గడచినవి. ఒక ఏడు సంక్రాంతి వెళ్ళిన పిమ్మట తమ కారులోనే బయలుదేరిరి. వినుకొండ మీదుగ మార్కాపురము చేరి చెన్నకేశవస్వామిని సేవించిరి. కంది కోతలు సాగుచున్న చేల ప్రక్కన చెట్టునీడను ఆగి, ఇంట కట్టుకొని వచ్చిన పులిహోర తినిరి. గిద్దలూరు దాటి, నల్లమల ఘాటుదారిని నంద్యాలకు దిగి, ఆళ్ళగడ్డ మీదుగ అహోబిలము చేరిరి.

ఛత్రవట, యోగానంద, కారంజ, అహోబిల నారసింహుల సన్నిధులకు కారు పోవును. ఈ నాలుగును సుఖముగనే సేవించిరి. ఎగువ అహోబిలము నుండి జ్వాలానారసింహుని కడకు మాత్రము భవనాశినీ తీరమున, రాళ్ళ నడుమ కాలినడకయే శరణ్యము. తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొழిలో ఈ దివ్యదేశమును దుర్గమమైన స్థలముగనే కీర్తించిరి. కొంతదూరము నడచి ఆమె ఒక బండపై కూలబడినది.

"మీరు వెళ్ళి సేవించి రండి. నేనిక్కడనే కూర్చుందును."

"జంటగ వత్తుమని మ్రొక్కితిమి. నేనొక్కడనే పోయిన మ్రొక్కు తీరునా?"

తనవలన భర్త మ్రొక్కు ఆగినదని ఆమె, ఆమెను విడిచి పోజాలక ఆయన, ఇరువురును దుఃఖించిరి. ఇరువురి మాటయు ధర్మబద్ధమే గనుక తీర్పు చెప్పుట కష్టము. చివరకు మారుమాట లేక క్రిందికి దిగివచ్చిరి.

పరమ, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చలను అయిదు రూపములలో అర్చ మిక్కిలి సులభమని శ్రీవైష్ణవాచార్యుల సిద్ధాంతము. మూలమూర్తి గర్భాలయమున నిలిచియుండగా, ఉత్సవమూర్తి వీథులలోనికి వచ్చుట ఈ సౌలభ్యముయొక్క విస్తారమే. కోవెలకు రాలేని రోగికి, వృద్ధునకు, పసిబిడ్డ తల్లికి స్వామియే ఎదురుపడును. అహోబిలమున ఇది ఒక్క వీథితో ముగియదు. కనుమనాడు పారువేటకు బయలుదేరిన పల్లకి 40 దినములకు పైగా 30కి మించిన గ్రామములలో తిరిగి, ఫాల్గుణ బ్రహ్మోత్సవములకు ముందు కోవెల చేరును. చెంచులక్ష్మితో జరుగు తన కల్యాణమునకు స్వామి స్వయముగ ప్రజలను పిలువవచ్చునని జనుల విశ్వాసము. పిలుపునకు ఊరూర ఇంత కాలము తిరుగు పెండ్లికుమారుడు వేరొకడుండడు!

దిగువ అహోబిలమున పూలమ్ము స్త్రీ వలన ఈ సంగతి విని దంపతులు పల్లకి విడిది చేసిన పల్లెకు పోయిరి. ముంగిళ్ళలో ముగ్గులు, చేతులలో టెంకాయలు; బోయీల కేకలు దూరమునుండియే వినవచ్చెను. ఆమె కారు దిగి పట్టుమని పది అడుగులు వేయకమునుపే పల్లకి ఎదురుగ వచ్చి ఆగినది. లోపల రెండు మూర్తులు కానవచ్చిరి.

"వీరు ఏ స్వాములు నాయనా?" అని ఆమె ప్రక్కనున్న యువకుని అడిగినది.

"ఒకరు ప్రహ్లాదవరదుడు, ఇంకొకరు జ్వాలా నరసింహస్వామి, అమ్మా."

ఆమె చాలసేపు చేతులు జోడించియే యుండెను. పల్లకి కదలిన పిదప భర్తవైపు తిరిగి, "ఏమండీ, ఇంక నాలుగే మిగిలినవి" అనెను. ఆయన వ్రేళ్ళు మడచి లెక్కించుకొనుచుండెను.